మూడో వరసలో నీలిగళ్ల ముక్క

మా మనవరాలు యూనివర్సిటీకి సెలవులిచ్చారని టార్నీట్ నుంచి వచ్చి, సిడ్నీ క్వేకర్స్ హిల్‌లో నా వంటింటి బల్ల మీద ఒక పొట్లం విప్పింది. నలభై రెండు గుడ్డ ముక్కలు, అన్నీ అయిదంగుళాల చదరాలు, అంచులు రంపపు పళ్లలా కోసి రిబ్బను కట్టినవి. ఎవరూ తొడగని కొత్త తానును మిషను మీద ముక్కలు చేసి, మళ్లీ అతికించుకోండని దుకాణాల్లో అమ్ముతున్నారట. "ఇట్స్ ఫర్ ఎ క్విల్ట్, అమ్మమ్మా. స్మెల్ ఇట్, సో క్లీన్" అని నా ముక్కు దగ్గర పెట్టింది. గంజి వాసన, అట్టపెట్టె వాసన, అంతే. ముక్కలు లెక్కపెట్టి, సరిపోయాయని చెప్పి ఇచ్చేశాను. బొంత సంగతి మాట్లాడేటప్పుడు నా దగ్గర శుభ్రం అనే మాట ఎత్తకూడదని ఆ పిల్లకు తెలియదు. ఎవరికీ చెప్పలేదు కాబట్టి తెలిసే దారి లేదు.

నేను హైస్కూలు చదివింది న్యూ సౌత్ వేల్స్ లోపలి భాగంలో, గోధుమలూ గొర్రెలూ తప్ప మరో బతుకు ఎరగని ఒక నది ఒడ్డు ఊళ్లో. మేం అక్కడ దిగింది 1970 జనవరి 19, సోమవారం. నాకప్పుడు పన్నెండేళ్ల ఎనిమిది నెలలు. నాన్న ఒంగోలు దగ్గర మిషను ఆసుపత్రిలో పనిచేసి, ఆ ఊరి ఆసుపత్రికి డాక్టరుగా వచ్చాడు. అమ్మ అదే మిషను ఆసుపత్రిలో నర్సు. ఆమె చదువు ఇక్కడ చెల్లదన్నారు కనుక ఇంట్లో కూర్చుని, ఆసుపత్రి వార్డును కడిగినట్టు ఇంటిని కడిగేది. ఊరి మొత్తానికి ఇండియా కుటుంబం మాది ఒక్కటే. ఆదివారం చర్చిలో మేం ఏ బల్ల మీద కూర్చుంటే ఆ బల్ల మీద ఇంకెవరూ కూర్చునేవాళ్లు కాదు. ఎనిమిది మంది పట్టే బల్ల మా ముగ్గురికే దక్కేది. నాన్న దాన్ని మర్యాద అనుకున్నాడో, అలా అనుకోవడం సుఖమనిపించిందో, నాకిప్పటికీ తేలలేదు.

అక్కడ ఎండాకాలం నవంబరులో మొదలై మార్చి దాకా వదిలేది కాదు. వాయవ్యం నుంచి ఎర్రదుమ్ము లేచి వస్తే మధ్యాహ్నం మూడింటికే దీపాలు పెట్టుకోవాలి, పాల మీగడ మీద కూడా ఎర్రటి పొర కట్టేది, మర్నాడు దిండు మీద నా తల ఉన్నచోటు మాత్రం తెల్లగా మిగిలి ఉండేది. జులైలో గడ్డి మీద మంచు పేరుకుని అడుగు వేస్తే కరకరలాడేది. క్రిస్‌మస్‌కి ఒళ్లు మండే వేడిలో అమ్మ కిటికీలు మూసుకుని అరిసెలు వండేది. వాసన బయటికి పోతే పక్కవాళ్లు ఏమనుకుంటారోనని ఆ కిటికీలు మూయడం. బెల్లం దొరక్క, డబ్బాలో అమ్మే చెరకుపాకం పోసేది. ఆ అరిసెలు పళ్లకు అంటుకునేవి, మా ఒంగోలు అరిసెలకు వీటికి చుట్టరికం లేదని నాన్న అంటూనే ఆరేడు తినేవాడు. బడిలో ఆడపిల్లలు ఇద్దరి కాళ్లకు ఎలాస్టిక్ తాడు బిగించి మధ్యన ఎగిరే ఆట ఆడేవాళ్లు. నన్ను తాడు పట్టే గుంజగా నిలబెట్టేవాళ్లు. మొదటి రెండేళ్లలో నాకు ఎగిరే వంతు వచ్చింది పదకొండు సార్లు.

బడి విడిచిపెట్టాక నాన్న పని ముగిసేదాకా ఆసుపత్రి వెనక, లాండ్రీ గుమ్మం దగ్గర కూర్చునేదాన్ని. మూడు నలభై నుంచి అయిదుంపావు దాకా. ఆ లాండ్రీలో పనిచేసే ఐవీ ఆంటీ ఆ నేలకు అసలు వారసులైన ఆదివాసీల మనిషి. ఊరికి మైలున్నర దూరంలో, నది వంపులో, రేకుల ఇళ్ల వరసలో ఉండేది. అప్పటికి యాభై దాటలేదుగానీ, పదహారేళ్లుగా మరిగే నీళ్లలో కర్ర పెట్టి దుప్పట్లు తిప్పిన చేతులు, మోచేతుల దాకా ముడతలు పడి ఉండేవి. ఆమెను వాళ్లవాళ్లందరూ ఆంటీ అనేవాళ్లు, పెద్దవాళ్లను అలా పిలవడమే మాకూ అలవాటు. ఊళ్లో ఎవరినైనా సంకోచం లేకుండా పిలవగలిగిన పిలుపు నాకు అదొక్కటే దొరికింది. నన్ను మొదటిసారి చూసినప్పుడు నువ్వు ఏ వైపు నల్లదానివి అని అడిగింది. ఇండియా అన్నాను. "ఓహో, దూరపు నల్లదానివి" అని, జరిగి బెంచీ మీద చోటిచ్చింది. ఆ రోజు నుంచి నన్ను 'బబ్' అనేది, మనం 'పాపా' అన్నట్టు.

టీ విరామంలో ఆమె బొంతలు కుట్టేది. ఆ ప్రాంతంలో వాటిని వాగా అంటారు. లోపల విప్పిన గోధుమ సంచులు, ఆసుపత్రి పారేసిన కంబళ్లు. పైన దర్జీలు విసిరేసే సూటుగుడ్డల నమూనా ముక్కలు, చిరిగిన చొక్కాలు, పాత ఫ్లానెల్. కుట్టేది సంచుల మూతి కట్టే పురికొసతో. మా ఒంగోలు నాయనమ్మ పాత చీరలు నాలుగు పొరలు వేసి చివరి నుంచి లోపలికి చుట్టూ తిరుగుతూ కుట్టేది. ఐవీ ఆంటీ మధ్యలో మొదలుపెట్టి బయటికి వచ్చేది. నేను రూలుకర్ర పెట్టి కొలిచాను: నాకు అంగుళానికి తొమ్మిది కుట్లు, ఆమెకు నాలుగు. నా కుట్లు చూసి ఆమె నవ్వి, అంత దగ్గరగా కుడితే బొంతకు ఊపిరాడదు బబ్ అంది.

ఆమె సొంత బొంతను ఒకరోజు చూపించింది. నూట పదమూడు ముక్కలు, ఏ రెండూ ఒక కొలత కావు. పైకి అడ్డదిడ్డంగా కనపడుతుంది, కానీ దానికొక క్రమం ఉంది. ఇంట్లో ఒకే పక్క మీద ఎవరు ఎక్కడ పడుకునేవాళ్లో వాళ్ల గుడ్డ ముక్క బొంతలో అక్కడే ఉండాలి. తలుపు వైపు వరసలో వాళ్ల అమ్మ గౌను, రెండో వరసలో తనవి, గోడ వైపు తమ్ముడి కాకీ చొక్కా. మూడో వరస నడుమ, చలి తగలని చోట, జేబు మూత లాంటి బూడిదరంగు ఉన్ని ముక్క ఒకటి, పై అంచు మాత్రమే కుట్టి ఉంది. దాన్ని ఎత్తితే కింద నీలిగళ్ల ఫ్లానెల్. అది ఆమె కూతురు రూబీ రాత్రి గౌను.

రూబీని 1962 నవంబరులో ప్రభుత్వ మనుషులు వచ్చి తీసుకుపోయారు. తెల్లవాళ్ల పద్ధతిలో పెంచాలని ఆదివాసీల పిల్లలను అప్పట్లో అలా తీసుకుపోయేవాళ్లు. పిల్లకు రెండేళ్ల పది నెలలు. వచ్చినవాళ్లు అల్మారా తెరిచి చూశారు, పక్క ఎత్తి చూశారు, ఇల్లు శుభ్రంగా లేదని కాగితం మీద రాసుకున్నారు. ఊరందరి దుప్పట్లూ ఉతికే మనిషి ఇంట్లో దుప్పటి మురికిగా ఉందని రాశారు. పిల్ల ముందురాత్రి తొడుక్కున్న గౌను ఉతికి తాడు మీద వేయకుండా దాచి, అందులో ఒక ముక్క కోసి, ఈ మూత కింద కుట్టింది. పన్నెండేళ్లు కావస్తున్నా దానికి నీళ్లు తగలనివ్వలేదు. పిల్ల ఎక్కడుందో చెప్పేవాళ్లు లేరు, రాసిన ఉత్తరాలకు జవాబు లేదు. మిగిలింది ఆ ముక్కలో పిల్ల వాసన. మూత ఎత్తి నన్ను కూడా చూడమంది. ముక్కు పెట్టాను. నాకు కట్టెల పొగ, ఉన్ని తప్ప ఏమీ తెలియలేదు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

1974లో నాది బడిలో ఆఖరి సంవత్సరం. కుట్టుపని తరగతిలో ఒక ఇంటి పనితనం గురించి వ్యాసం రాసి, అదే పద్ధతిలో సొంత నమూనా కుట్టి, ఒక పాత వస్తువును తెచ్చి గోడకు తగిలించాలి. వ్యాసానికి నలభై, సొంత నమూనాకు ముప్పై, పాత వస్తువు వివరాలకు ఇరవై, ప్రదర్శనలో శుభ్రతకు పది. నేను ఐవీ ఆంటీ బొంత అడిగాను. ఆమె సూది పక్కన పెట్టింది. తను చిన్నప్పుడు ఆ బడి గేటు లోపలికి తనవాళ్లను రానిచ్చేవాళ్లు కాదు. "గోడకు తగిలిస్తారా? పక్కన నా పేరు రాస్తారా?" అని అడిగింది. రాస్తారని చెప్పాను. ఆగస్టు 16, శుక్రవారం సాయంత్రం, ఒక దిండు గలీబులో పెట్టి ఇచ్చింది. నీళ్లు తగలనివ్వకు అని ఒకసారే చెప్పింది. రెండోసారి చెప్పాల్సిన పిల్లనని అనుకోలేదు.

అమ్మ గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి, లేకపోతే తప్పు ఆమె మీద పడుతుంది. అమ్మ పుట్టింది ఊరి చివరి పల్లెలో, ఊరి బావిలో చేద వేయనివ్వని ఇంట్లో. వాళ్లమ్మను ఎవరూ గుమ్మం దాటి రానిచ్చేవాళ్లు కాదు. ఆదివారం బడిలో మిషను దొరసాని పిల్లల గోళ్లూ చెవులూ చూసి, శుభ్రంగా ఉన్నవాళ్లకు బొమ్మకార్డు ఇచ్చేది. అమ్మ దగ్గర అలాంటి కార్డులు అరవై నాలుగు ఉండేవి. చచ్చిపోయేదాకా బైబిల్లో పెట్టుకుంది. సబ్బు ఒక్కటే తన కులాన్ని అడగని వస్తువని ఆమె నమ్మకం. నది వంపు ఇళ్ల వైపు నన్ను వెళ్లనిచ్చేది కాదు. ఈ ఊరోళ్లు మనల్నీ ఆళ్లనీ ఒక గాటన కట్టేస్తారే అనేది.

శనివారం పొద్దున ఆమె గలీబు విప్పింది. నేను పెరటి మెట్టు మీద వ్యాసం చూసి రాసుకుంటున్నాను.

"ఏందే ఇది? పొగ కంపు కొడతంది. ఎవురిది?"

బడి పనికి అన్నాను.

"బొంత బతుకు ఆడనే వదిలిపెట్టి ఇమానం ఎక్కితిమి. మళ్లా బొంతేందే నా ఇంట్లో?" అంటూనే, నా ఒళ్లోని మార్కుల కాగితం తీసుకుని చదివింది. ఆమెకు మార్కుల కాగితాలు బాగా తెలుసు. "శుభ్రానికి పది అంట. ఇట్టాగే తీసుకుపోయి తగిలిస్తే మననే అంటారు, బొంత కుట్టినోళ్లని అనరు. ఉతుకుతా. ఉతకొద్దని ఎవురన్నా చెప్పారా?"

ఇందులో నాకు వినపడనిది ఏమీ లేదు. కాసేపు లెక్క వేసుకున్నాను. ఆ ముక్కలో నాకు ఏ వాసనా తెలియలేదు కదా, లేని వాసన పోయేదేముంది అనుకున్నాను. చెబితే ఆ బొంత ఎవరిదో, నేను రోజూ ఎవరి పక్కన కూర్చుంటున్నానో కూడా చెప్పాలి. చెప్పకపోతే పది మార్కులు.

"లేదు" అన్నాను.

అమ్మ రాగి కాగులో నీళ్లు మరిగించి, సబ్బు తురిమి, పురుగు చచ్చే మందు కలిపి ముంచింది. నీళ్లు మొదట టీ రంగు, తర్వాత మడుగు రంగు తిరిగాయి. ఆ నీళ్లు పారబోస్తూ చూశావా ఎంత మురికో అని నాకు చూపించింది. రెండో నీళ్లు, మూడో నీళ్లు, నీలిమందు. మూత అంచు కొంచెం ఊడబోతుంటే బిగించింది కూడా, నర్సు చేయి కదా. సోమవారానికి ఎండి, ఇస్త్రీ అయి, కొత్త అట్టపెట్టెలో సర్ది ఉంది. నేను ఒక్కసారి మూత ఎత్తి చూశాను. నీలిగళ్లు నేనెన్నడూ చూడనంత ప్రకాశంగా ఉన్నాయి.

నాకు వందకు తొంభై ఒకటి వచ్చాయి. శుభ్రతకు పదికి పది. రెండో అమ్మాయికి ఎనభై ఏడు. శుభ్రతకు అయిదే ఇచ్చి ఉంటే నావి ఎనభై ఆరు, రెండో స్థానం. ఈ కూడికను నేను ఎన్నిసార్లు వేసుకున్నానో దానికి మాత్రం లెక్క పెట్టలేదు. గోడ మీద చీటీలో టీచరు 'స్థానిక స్త్రీ పని' అని రాసింది. పేరు రాయమని నేను అడిగాను, చోటు చాల్లేదంది. నేను మళ్లీ అడగలేదు.

ఆగస్టు 24, శనివారం, బొంత తిరిగి ఇవ్వడానికి లాండ్రీకి వెళ్లాను. ఐవీ ఆంటీ పెట్టె తెరవగానే ఆగిపోయింది. ముట్టుకోకముందే ఆమెకు తెలిసిపోయింది. ఉతకడం ఆమె పని. మూడో వరస దాకా విప్పి, మూత ఎత్తి, ముక్కు ఆనించి, చాలాసేపు అలాగే వంగి ఉంది.

"మరగబెట్టారు," అంది. "మూడు నీళ్లు. నీలిమందు. మీ అమ్మ పని బాగుంది."

నేను ఖాళీ అట్టపెట్టె చేతిలోకి తీసుకున్నాను.

"నువ్వు ఆమెకు చెప్పలేదా, బబ్?"

"మర్చిపోయాను."

ఆమె బొంతను మడత మీద మడతగా, ఆసుపత్రి దుప్పటి మడిచినట్టు, అంచుకు అంచు కలిపి మడిచింది. "నువ్వు ఏదీ మర్చిపోవు," అని లోపలికి వెళ్లింది. ఆ తర్వాత కూడా పలకరించేది, బజార్లో ఎదురైతే తల ఊపేది. బెంచీ మీద మాత్రం జరగలేదు. 1975 ఫిబ్రవరిలో నేను యూనివర్సిటీకి సిడ్నీ వచ్చేశాను. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పాను. తిరిగి ఆ ఊరు వెళ్లలేదు.

పోయిన ఏడాది మార్చిలో ఫోను వచ్చింది. అటువైపు మనిషి తన పేరు రూబీ అని చెప్పింది. ఊళ్లోని ఆదివాసీ ఆడవాళ్లు కుట్టిన బొంతలూ, అద్దకాలూ, అల్లికలూ ఒకచోట చేర్చి చూపించబోతున్నారట. బడి పాత పత్రికలో బొంత పక్కన నిలబడ్డ నా ఫొటో దొరికిందట. బొంత వివరాల కాగితం నింపడానికి సాయం కావాలంది. 1974 వ్యాసం కార్బను ప్రతి నా బీరువాలో ఉంది. రమ్మన్నాను.

క్వేకర్స్ హిల్ స్టేషనులో దిగి, చక్రాల సంచీ లాగుకుంటూ వచ్చింది. అరవై అయిదేళ్ల మనిషి, తల్లి భుజాలు, తల్లి నడక. ఇరవై ఒకటో ఏట తనంతట తాను వెతుక్కుంటూ ఇల్లు చేరిందట. ఐవీ ఆంటీ అప్పటికి బతికే ఉంది, ఇంకో పదిహేనేళ్లు ఉంది. ఇంటికి వచ్చిన మొదటి రాత్రి తల్లి బొంత పరిచి, మూత ఎత్తి, ఇది నీ వాసనే, నువ్వు పోయాక దీనికి నీళ్లు తగలనివ్వలేదు అని చెప్పిందట. రూబీకి ఆ ఇంట్లో తన ఫొటో ఒక్కటి లేదు, బొమ్మ లేదు, పుట్టిన తేదీ కాగితం లేదు. తనకోసం ఎవరో ఎదురుచూశారనడానికి ఆ ముక్కే రుజువు. నా వంటింట్లో అది చెబుతూ మూత ఎత్తి ముక్కు పెట్టి, కళ్లు మూసుకుంది. "ఇంకా ఉంది" అంది.

నేను కళ్లజోడు పెట్టుకుని కాగితం నింపసాగాను. పొడవు, వెడల్పు, ముక్కలు, పొరలు, దారం. ఎనిమిదో ప్రశ్న, ఎప్పుడైనా ఉతికారా అని.

"అక్కడ ఎన్నడూ లేదు అని రాయి, సూ," అంది రూబీ. సుగుణ అనే నా పేరు బడిలోనే సూ అయింది. పత్రికలో అలాగే ఉంది. "అమ్మ చెప్పింది."

కాగితం మీద తప్పు రాయడం నా వల్ల కాదు. ఎన్నడూ కాలేదు. ఒకసారి అని రాశాను, తేదీ రాశాను, ఆమె చదివి తలెత్తాక మొత్తం చెప్పాను, పది మార్కులతో సహా. చెప్పడం అయిదు నిమిషాలు పట్టింది. యాభై ఏళ్ల భారం దిగుతుందనుకున్నాను, దిగింది కూడా, ఆ మాట దాచను. దిగింది ఎవరి మీద పడిందో అప్పుడు చూశాను.

రూబీ టీ తాగలేదు. బొంతను సంచీలో పెట్టుకుంది, కాగితం కూడా తీసుకుంది. గుమ్మంలో ఆగి, కోపం లేకుండానే అడిగింది: "నోరు విప్పాల్సినప్పుడు విప్పలేదు కదా. ఇప్పుడెందుకు విప్పావు?"

ఆమె వెళ్లాక, తాగని టీ పారబోసి కప్పు కడిగాను.

జూన్‌లో రైలెక్కి ఆ ఊరు వెళ్లాను. లాండ్రీ ఉన్నచోట ఆసుపత్రి కార్లు ఆగుతున్నాయి. నది వంపులో రేకుల ఇళ్లు ఒక్కటీ లేవు, గడ్డిలో సిమెంటు మెట్లు రెండు మూడు చోట్ల పైకి తేలి ఉన్నాయి. చర్చిని ఎవరో ఇల్లు చేసుకున్నారు. అమ్మ వాడిన సబ్బు తయారుచేయడం మానేసి చాలా కాలమైందని కొట్టువాడు చెప్పాడు. ప్రదర్శన పాత గూడ్సు షెడ్డులో. బొంత తూర్పు గోడ మీద ఉంది, పక్క చీటీలో పెద్ద అక్షరాలతో ఐవీ ఆంటీ పూర్తిపేరు, కింద నేను రాసిన కొలతలు, ఉతికిన తేదీ, ఒక్క అంకె మార్చకుండా.

దగ్గరికి వెళ్లి చూశాను. మూడో వరసలో బూడిదరంగు మూతను మిగతా మూడు వైపులా కొత్త తెల్లదారంతో కుట్టేశారు. బలంగా, దగ్గర దగ్గరగా, మళ్లీ ఎత్తే అవసరం రానివ్వకుండా. ముప్పై ఎనిమిది కుట్లు. రూబీ షెడ్డు అటు చివర ఎవరికో టీ పోస్తోంది. నన్ను చూసింది. కప్పు నిండాక ఇంకో కప్పు అందుకుంది.